161 సేవలు సరే, తప్పు దిద్దేదెవరు?

(ఖమ్మంలో పాఠకులు, ఉపాధ్యాయులు, ఉద్యోగులు కలిసి జరుపుకున్న సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. అధ్యక్షులవారు నన్ను పరిచయం చేస్తూ డిజిటల్ విప్లవం అన్నారు. అంత పెద్ద మాట నావల్ల కాదండీ. గుమాస్తాలు లెడ్జర్లు రాసే రోజుల్లో ప్రభుత్వ ఉద్యోగంలో చేరాను, వేలిముద్రతో హాజరు వేసే రోజుల్లో రిటైరయ్యాను. అప్పుడు కౌంటరు లోపల కూర్చున్నాను, ఇప్పుడు బయట నిలబడుతున్నాను. ప్రభుత్వ సేవలు కంప్యూటర్లోకి, ఫోన్లోకి వచ్చాక ఏం జరిగిందో రెండు వైపుల నుంచీ చూసినదే చెబుతాను.

ఖమ్మం కదా, ఇక్కడున్న సగం మందికి అటు ఆంధ్రాలో చుట్టాలుంటారు. అందుకని రెండు రాష్ట్రాల సంగతీ కలిపే మాట్లాడతాను. ఒకరిని పొగిడి ఒకరిని తిట్టే ఉద్దేశం లేదు. ఎన్నికల మీటింగు అనుకుని వచ్చినవాళ్లుంటే ఇప్పుడే టీ తాగడానికి వెళ్లొచ్చు.

ముందు లక్ష్యాలు చూద్దాం. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్వర్ణాంధ్ర 2047 పత్రం విడుదల చేసింది. అందులో పది సూత్రాలు. పదింటిలో ఒకటి, అన్ని రంగాల్లోకీ డీప్ టెక్, అంటే ఏఐ లాంటి లోతైన కొత్త టెక్నాలజీ, రావాలని. 2047 నాటికి ఆర్థిక వ్యవస్థ 2.4 ట్రిలియన్ డాలర్లు అవ్వాలని. దాదాపు ఏడాదికి తెలంగాణ ప్రభుత్వం తెలంగాణ రైజింగ్ 2047 అంది, మనకు 3 ట్రిలియన్లు అంది. ఒక ట్రిలియన్ అంటే లక్ష కోట్లు, అదీ డాలర్లలో. రూపాయల్లోకి మార్చే పని మీకే వదిలేస్తున్నాను, నా ఫోన్ క్యాలిక్యులేటర్‌లో అంకెలు పట్టడం లేదు.

ఈ అంకెలతో నాకు పేచీ లేదు. పెద్ద లక్ష్యం పెట్టుకోవడం తప్పేమీ కాదు. నా ప్రశ్న ఒక్కటే. ఈ లక్ష్యం నెరవేరిందని చెప్పాల్సింది ఎవరు? డాష్‌బోర్డు చెప్పాలా, దరఖాస్తు పెట్టుకున్న మనిషి చెప్పాలా? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని ముందుకు వెళదాం.

మన దగ్గర ఇదంతా నిన్న మొన్న మొదలైంది కాదు. 1998లో ఉమ్మడి రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ శాఖకు కంప్యూటర్లు పెట్టారు. కార్డ్ అనేవారు దాన్ని. అంతకుముందు రిజిస్ట్రేషన్ ఎలా ఉండేదో ఇక్కడున్న పెద్దవాళ్లకు తెలుసు. దస్తావేజు ఇచ్చి వస్తే గుమాస్తా దాన్ని పెద్ద పుస్తకంలోకి చేత్తో నకలు ఎక్కించాలి. మన వంతు వచ్చేదాకా అసలు కాగితం తిరిగి రాదు. మార్కెట్ విలువ ఎంతంటే దస్తావేజు లేఖరి ఎంత చెబితే అంత. ఆస్తి మీద అప్పులూ లావాదేవీలూ చూపే ఈసీ కావాలంటే ఏళ్లనాటి పుస్తకాలు దుమ్ము దులిపి తిరగేయాలి. కార్డ్ వచ్చాక ఆ నకలు రాసే పని పోయింది, విలువ తెరమీద కనిపించింది. అదొక మేలు, ఒప్పుకోవాలి.

1999లో హైదరాబాదు బంజారాహిల్స్‌లో ట్విన్స్ అని ఒక కేంద్రం ప్రయోగంగా తెరిచారు. అదే 2001 ఆగస్టులో ఈ-సేవ అయింది. కరెంటు బిల్లు, నీళ్ల బిల్లు, ఫోను బిల్లు ఒకే చోట కట్టేసి రావచ్చు. ఇప్పటి పిల్లలకు ఇందులో గొప్పేముంది అనిపిస్తుంది. మూడు ఆఫీసుల్లో మూడు క్యూల్లో నిలబడినవాళ్లను అడగండి, చెబుతారు.

2011లో మీసేవ వచ్చింది. ఇక్కడ ఒక మాట ఆగి చెప్పాలి, ఎందుకంటే నేను చెప్పదలచుకున్నదానికి మూలం ఇదే. ఈ-సేవలో మనం ప్రభుత్వానికి డబ్బు కట్టేవాళ్లం. డబ్బు పుచ్చుకోవడానికి ఏ ఆఫీసైనా అడ్డుపడదు కదా. మీసేవలో ప్రభుత్వం మనకు కాగితం ఇవ్వాలి. ఇన్‌కమ్ సర్టిఫికెట్, కులం సర్టిఫికెట్, పహాణీ నకలు. అందుకని మీసేవ సేవల్ని రెండు రకాలుగా విడదీశారు. కేటగిరీ ఎ, కేటగిరీ బి. వెనక కూర్చున్న మీసేవ తమ్ముళ్లు తల ఊపుతున్నారు. ఎ అంటే డేటాబేస్‌లో ఉన్నది ఉన్నట్టు అప్పటికప్పుడు ప్రింటు తీసి ఇచ్చేది. బి అంటే ఒక అధికారి చూసి, విచారించి, డిజిటల్ సంతకం పెట్టాక వచ్చేది. ఇప్పుడు చెప్పండి, జనం తిరిగేది దేనికోసం? ఎ కోసం ఎవరూ తిరగరు. తిరిగేదంతా బి కోసమే. దరఖాస్తు మాత్రం కంప్యూటర్‌లోకి వెళ్లింది, నిర్ణయం ఎప్పటిలాగే ఒక బల్ల మీద ఉంది. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ ఇక్కడికి వస్తాం.

తీగల సంగతి త్వరగా ముగిస్తాను. కేంద్రం 2011 అక్టోబరులో ఊరూరికీ ఆప్టికల్ ఫైబర్ పథకం మంజూరు చేసింది. రెండున్నర లక్షల పంచాయతీలు లక్ష్యం. తర్వాత పేరు భారత్‌నెట్ అయింది, గడువులు జరుగుతూ వచ్చాయి, 2023లో సవరించిన పథకానికి 1,39,579 కోట్లు మంజూరు చేశారు. మన రెండు రాష్ట్రాలూ ఎవరి తెలివి వాళ్లు చూపించాయి. ఆంధ్రావాళ్లు నేల తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగారు. ఖర్చు బాగా తగ్గింది. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి వచ్చి ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోను అన్నారు. తెలంగాణలో మిషన్ భగీరథ పైపులకు ఎలాగూ కందకాలు తవ్వుతున్నాం కదా అని అందులోనే ఫైబర్ గొట్టం కూడా వేశారు. రెండూ మంచి ఆలోచనలే. స్తంభాల మీది తీగకు తుపాను భయం ఉంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు శ్రీకాకుళంలో వేల స్తంభాలు నేలకూలాయి, తీగ ఎక్కడుంటుంది? నేలలోని గొట్టానికి ఆ భయం లేదు. కానీ గొట్టం వేయడం వేరు, అందులోంచి ఇంటికి కనెక్షన్ ఇవ్వడం వేరు. ఆ రెండో పని ఏళ్లు పట్టింది.

ఇంకొక్క మాట. తీగ ఉంది, సిగ్నల్ ఉంది, అయినా ప్రభుత్వమే ఆపేస్తే? 2022 మేలో అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ పిల్లలు లాప్‌టాప్‌లు పట్టుకుని గోదావరి గట్టుకు వెళ్లారు, అవతలి ఒడ్డు టవరు సిగ్నల్ అందుతుందేమోనని. శాంతిభద్రతల అవసరం నేను కాదనను. కానీ ఒకవైపు సేవలన్నీ ఫోన్‌లోకి తెచ్చి, మరోవైపు ఆ ఫోన్ నోరే నొక్కేస్తే రేషన్ షాపు మిషన్ ఏమవ్వాలి, పింఛను ఏమవ్వాలి? ఏ లక్ష్య పత్రంలోనూ దీనికి జవాబు నాకు కనపడలేదు.

తీగ ఇంటిదాకా వచ్చిందనే అనుకుందాం. ఇంట్లో ఫోన్ ఎవరి చేతిలో ఉంది? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత, 2019 నుంచి 21 మధ్య చేసింది, ఒక మంచి ప్రశ్న అడిగింది. మీరు ఎప్పుడైనా, ఒక్కసారైనా, ఇంటర్నెట్ వాడారా? ఆంధ్రప్రదేశ్‌లో మగవాళ్లలో 48.8 శాతం అవునన్నారు. ఆడవాళ్లలో 21 శాతం. తెలంగాణలో మగవాళ్లు 57.9, ఆడవాళ్లు 26.5. దేశం మొత్తంలో ఆడవాళ్ల సగటు 33.3. అంటే ఐటీ రాజధాని మాదే అని చెప్పుకునే మన రెండు రాష్ట్రాలూ ఆడవాళ్ల లెక్కలో దేశ సగటు కంటే కిందున్నాయి. అమ్మలూ అక్కలూ, మీకు తెలియంది నేనేం చెప్పడం లేదు. ఓటీపీ వచ్చేది ఎవరి ఫోన్‌కి? ఆయన ఫోన్‌కి. లేదా హైదరాబాదులో ఉన్న కొడుకు ఫోన్‌కి. వాడు మీటింగులో ఉంటే ఇక్కడ ఆవిడ కౌంటర్ దగ్గర నిలబడి ఉంటుంది, ఓటీపీ గడువు దాటిపోతుంది. ఆ సర్వే తర్వాత డేటా చవకగానే ఉంది, అంకె పెరిగే ఉంటుంది. ఎంత పెరిగిందో మన లక్ష్య పత్రాల్లో ఒక గీటురాయిగా పెట్టుకున్నామా అన్నదే నా ప్రశ్న.

యూరప్ వాళ్లు ఏం చేశారో చెబుతాను. యూరోపియన్ యూనియన్ 2030 వరకు డిజిటల్ దశాబ్దం అని లక్ష్యాలు రాసుకుంది. ముఖ్యమైన ప్రభుత్వ సేవలన్నీ ఆన్‌లైన్‌లో ఉండాలన్నది ఒకటి, మనలాగే. దాని పక్కనే ఇంకొకటి రాశారు. పెద్దవాళ్లలో 80 శాతం మందికి కనీస డిజిటల్ నైపుణ్యాలు వచ్చి ఉండాలి. 2023లో కొలిస్తే 55.6 శాతం వచ్చింది. వెనకబడ్డామని వాళ్ల నివేదికల్లో వాళ్లే రాసుకున్నారు. అన్ని డబ్బులున్న దేశాలు, అంత చదువున్న దేశాలు, సగం మంది దగ్గరే ఆగిపోయాయి. ఆ అంకె బయటపెట్టుకోవడానికి వాళ్లు సిగ్గుపడలేదు. మనం ఆ ప్రశ్నే వేసుకోవడం లేదు.

ఇదంతా విని నేను కంప్యూటర్లకు వ్యతిరేకం అనుకోకండి. యంత్రం బాగా పనిచేసిన ఒక సంగతి మన గడ్డ మీదే జరిగింది, మనకే సరిగ్గా తెలియదు. 2010 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో ఉపాధి హామీ కూలీకీ, పింఛన్లకూ వేలిముద్రల స్మార్ట్‌కార్డులు తెచ్చారు. కార్తీక్ మురళీధరన్, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు ప్రభుత్వంతో కలిసి దాన్ని పరీక్షించారు. 157 మండలాలు తీసుకుని, ఎక్కడ ముందు పెట్టాలో ఎక్కడ తర్వాత పెట్టాలో లాటరీ వేశారు. ఫలితం 2016లో అచ్చయింది. కూలి డబ్బులు రోజుల ముందుగా చేతికొచ్చాయి. ప్రతిసారీ డబ్బు తీసుకోవడానికి పట్టే సమయం దాదాపు 20 నిమిషాలు తగ్గింది. మధ్యలో కారిపోయే సొమ్ము తగ్గింది. పాత పద్ధతి కావాలా కొత్తది కావాలా అంటే అత్యధికులు కొత్తదే కావాలన్నారు.

ఎందుకు పనిచేసింది? మిషన్ ఒక్కటే కారణం కాదని నా అభిప్రాయం. ఆ మిషన్ పట్టుకుని కూర్చున్నది ఎవరో తెలుసా? ఆ ఊరి ఆడమనిషే, పొదుపు సంఘం సభ్యురాలు. గ్రామ అధికారుల బంధువు అయి ఉండకూడదని కూడా షరతు పెట్టారు. ఇంకో సంగతి, కార్డు లేనివాళ్లకు డబ్బు ఆపలేదు. పాత పద్ధతిలో ఇస్తూనే కొత్తదాంట్లోకి తెచ్చారు. అదే ఆర్థికవేత్తలు తర్వాత జార్ఖండ్‌లో రేషన్‌కు ఆధార్ తప్పనిసరి చేసినప్పుడు ఏం జరిగిందో పరిశీలించారు. అక్కడ ఆధార్ జోడించని కుటుంబాలు కొన్ని బియ్యానికి దూరమయ్యాయి. వేలిముద్ర అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. ముద్ర పడకపోతే ఏం చేయాలన్న నిబంధన దగ్గరే తేడా.

ముద్ర పడకపోవడం అంటే ఏమిటో మన జిల్లాలో వేరే చెప్పాలా? మిర్చి తొడిమలు తీసే చేతులు ఎలా ఉంటాయో మీరు చూశారు. నేను రేషన్ షాపు దగ్గర నిలబడి చూశాను. ఆవిడ చూపుడు వేలు పెట్టింది, ఎర్రగా మెరిసింది. "మళ్లీ పెట్టమ్మా." బొటనవేలు పెట్టింది. "తుడుచుకుని పెట్టమ్మా." కొంగుతో తుడుచుకుంది, కాస్త కొబ్బరినూనె రాసుకుంది, మళ్లీ పెట్టింది. వెనక లైను గొణుగుతోంది. చివరికి కనుపాప మిషన్ తెచ్చి కంటికి పెట్టి ఇచ్చారు. ఆ షాపులో ఆ మిషన్ ఉంది కాబట్టి సరిపోయింది. డీలర్ మంచివాడు కాబట్టి ఓపిక పట్టాడు. డాష్‌బోర్డులో మాత్రం అది ఒక విజయవంతమైన లావాదేవీ. ఆవిడ ఎన్నిసార్లు వేలు పెట్టిందో అక్కడ ఎవరికీ కనపడదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

తెలంగాణలో సమగ్ర వేదిక అని ఒక వ్యవస్థ ఉంది. వేర్వేరు శాఖల రికార్డులన్నీ కలిపి చూసి, ఈ ఇంట్లో కారుంది, ఈ ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉన్నాడు, వీళ్లకు రేషన్ కార్డు అక్కర్లేదు అని తేల్చేది. ఆలోచన చెడ్డదని అనలేం, అనర్హుల కార్డులు తీసేయాల్సిందే. అయితే ఏం జరిగింది? రాష్ట్రం వచ్చిన తొలి ఏళ్లలో దాదాపు 19 లక్షల కార్డులు రద్దయ్యాయి. ముందుగా నోటీసు లేదు. హైదరాబాదులో ఒక రిక్షా కార్మికుడి కుటుంబం కార్డు పోయింది. కారణం, అలాంటి పేరే ఉన్న ఇంకెవరికో కారుంది. కంప్యూటర్ ఆ ఇద్దరూ ఒక్కరే అనుకుంది. రిక్షా తొక్కే మనిషి కారు యజమాని అయిపోయాడు! నాకు కారు లేదు మొర్రో అని ఆయన ఎక్కడ చెప్పుకోవాలి? లేనిదానికి ఋజువు ఎక్కడి నుంచి తేవాలి? చివరికి విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2022 ఏప్రిల్లో కోర్టు, రద్దు చేసిన కార్డులన్నిటినీ క్షేత్రస్థాయిలో మళ్లీ విచారించమంది. అంటే మనిషిని ఇంటికి పంపి చూడమంది.

మన పేర్ల సంగతి మీకు తెలియంది కాదు. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. దరఖాస్తులో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని గడులుంటాయి. ఒకచోట ఇంటిపేరు ముందు పెడతారు, ఒకచోట వెనక పెడతారు, ఒకచోట ఒక్క అక్షరానికి కుదిస్తారు. పెళ్లయ్యాక ఆడవాళ్ల ఇంటిపేరు ఒక కాగితంలో మారుతుంది, ఇంకో కాగితంలో మారదు. లక్ష్మి అనే పేరును ఇంగ్లిషులో ఒక ఆపరేటర్ ఎక్స్‌తో కొడతాడు, ఇంకొకడు కెఎస్‌హెచ్‌తో కొడతాడు. ఊళ్లో ఎంతమంది పుట్టినతేదీ జనవరి 1 అని ఉందో ఆధార్ కార్డులు తీసి చూడండి. టీచర్లు నవ్వుతున్నారు, పాపం వాళ్లు వేసిన తేదీలు కూడా కొన్ని ఉంటాయి. ఇలాంటి రికార్డుల్ని ఒకదాంతో ఒకటి కలిపితే తప్పులు రాకుండా ఎలా ఉంటాయి? వస్తాయి. ఎంత మంచి కంప్యూటరైనా వస్తాయి. తప్పు రావడం నేరం కాదు. వచ్చిన తప్పును ఎవరు దిద్దాలి, ఎన్ని రోజుల్లో దిద్దాలి, అప్పటిదాకా ఆ మనిషి తిండి సంగతేమిటి? ఈ మూడూ ముందే రాసి ఉండాలి.

భూమి దగ్గర ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. తెలంగాణ భూ రికార్డుల పోర్టల్ ధరణి గురించి ఇక్కడ మాట్లాడితే రెండు గంటలు చాలదు, కానీ కొంచెం వివరంగానే చెబుతాను. ముందు వరుసలో రెవెన్యూ మిత్రులున్నారు, ఏమీ అనుకోవద్దు, నేనూ ఆ కూడు తిన్నవాణ్నే.

2017లో భూ రికార్డుల ప్రక్షాళన జరిగింది. పేచీ ఉన్న భూముల్ని పార్ట్-బి అని పక్కన పెట్టారు. 2020లో కొత్త చట్టం వచ్చింది. వీఆర్వోల వ్యవస్థ రద్దయింది. రెవెన్యూ కోర్టులు రద్దయ్యాయి. అక్టోబరు 29న ధరణి మొదలైంది. మంచి చెప్పాలంటే నిజంగా ఉంది. స్లాట్ బుక్ చేసుకుని తహసీల్దారు ఆఫీసుకు వెళితే రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ (అంటే రికార్డులో పేరు మార్చడం) రెండూ ఒకే రోజు అయిపోయేవి. అంతకుముందు మ్యుటేషన్ కోసం ఎన్ని చెప్పులరిగాయో రైతులను అడగండి. రికార్డు సరిగ్గా ఉన్నవాడికి ధరణి అంత సుఖం ఇంకోటి లేదు.

రికార్డు తప్పుగా ఉన్నవాడి సంగతి? సర్వే నంబరు తప్పు పడింది. విస్తీర్ణం నాలుగు కుంటలు తక్కువ పడింది. తాత పేరు మీద ఉన్న పట్టా నిషేధిత జాబితాలో చేరింది. రైతు తహసీల్దారు దగ్గరకు వెళతాడు. ఆయన చూస్తాడు, అవునయ్యా తప్పే అంటాడు. "దిద్దండి సార్." "నా లాగిన్‌లో ఆప్షన్ లేదు." ఇదెంతమంది విన్నారు? చేతులెత్తండి. చూడండి, చూడండి. అక్కడ ఏ మాడ్యూల్ ఉంటే దాని కింద మీసేవలో దరఖాస్తు పెట్టాలి. టీఎం 33 అంటే పాసుపుస్తకంలో తప్పులు దిద్దే మాడ్యూల్ అని పదో తరగతి తప్పిన రైతు కూడా నేర్చుకోవాల్సి వచ్చింది. అది కలెక్టరు లాగిన్‌కి పోతుంది. కలెక్టరు విచారించమని మళ్లీ అదే తహసీల్దారుకు పంపుతారు. నివేదిక పైకి వెళుతుంది. తిరస్కరణ వస్తే రైతు ఫోన్‌కి వచ్చేది రిజెక్టెడ్ అన్న మెసేజ్. ఎందుకు? తెలియదు. అప్పీలు ఎవరికి? రెవెన్యూ కోర్టులు లేవు కదా, సివిల్ కోర్టుకు వెళ్లాలి. నాలుగు కుంటల కోసం సివిల్ కోర్టు! మనవడు చూస్తాడు తీర్పు.

ఇందులో సాఫ్ట్‌వేర్ తప్పేమీ లేదండీ. దిద్దే అధికారం మండలంలో ఉండకూడదని పైన తీసుకున్న నిర్ణయం అది. కింద ఉంటే లంచాలు తీసుకుంటారని భయం. ఆ భయానికి కారణం లేకపోలేదు, మా వాళ్ల పేరు అంత గొప్పగా ఏమీ లేదు. కానీ అవినీతిని ఆపాలని తలుపు మూసేస్తే, న్యాయంగా వచ్చినవాడికీ అదే తలుపు మూసుకుంది.

తర్వాత ఏం చేశారు? 2024లో కొత్త ప్రభుత్వం కొన్ని అధికారాలను తహసీల్దార్లకూ ఆర్డీవోలకూ తిరిగి ఇచ్చింది. డిసెంబరులో భూభారతి చట్టం చేశారు, 2025 ఏప్రిల్ 14న అమల్లోకి తెచ్చారు. ప్రయోగంగా తీసుకున్న నాలుగు మండలాల్లో మన నేలకొండపల్లి ఒకటి. ఇక్కడ నేలకొండపల్లి వాళ్లుంటే మీటింగ్ అయ్యాక కలవండి, మీ దగ్గర నేను నేర్చుకోవాల్సింది చాలా ఉంది. ఈ చట్టంలో నాకు నచ్చింది పోర్టల్ రంగు మారడం కాదు, అప్పీలు తిరిగి రావడం. తహసీల్దారు నిర్ణయం నచ్చకపోతే పై అధికారికి చెప్పుకునే మెట్లు పెట్టారు. 2025లోనే గ్రామ పాలనాధికారులని మళ్లీ ఊళ్లోకి మనుషుల్ని తెచ్చారు. తీసేసిన మనిషిని ఐదేళ్లకు వేరే పేరుతో తెచ్చుకున్నాం. అప్పీళ్లు ఎంత వేగంగా తేలతాయో చూడాలి, ఇప్పుడే చప్పట్లు కొట్టను.

ఆంధ్రాలోనూ ఇదే పాఠం ఇంకో రూపంలో నడిచింది. 2020 డిసెంబరులో డ్రోన్లతో రీసర్వే మొదలుపెట్టారు. వందేళ్లనాటి సర్వే మళ్లీ చేయడం మంచి పనే. అయితే హద్దులు తేడా వచ్చినవాళ్ల అభ్యంతరాలు పూర్తిగా వినకముందే పాసుపుస్తకాలు అచ్చయిపోయాయన్న గోల చాలా ఊళ్లలో లేచింది. భూహక్కు చట్టం, అదే ల్యాండ్ టైట్లింగ్ యాక్ట్, మీద జనానికి ఎంత టెన్షన్ పట్టుకుందో 2024 ఎన్నికల్లో చూశాం. గెలిచిన ప్రభుత్వం మొదట చేసిన పనుల్లో ఆ చట్టం రద్దు ఒకటి.

ఇక వాట్సాప్. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్‌లో మన మిత్ర మొదలైంది. తొలిరోజున 161 సేవలు. తర్వాత పెంచుకుంటూ పోయారు. నాకు ఇందులో నచ్చిన తెలివి ఒకటుంది. కొత్త యాప్ వేసుకోమనలేదు. మనవాళ్ల ఫోన్‌లో ఎలాగూ ఉన్న యాప్‌లోకే ప్రభుత్వం వచ్చింది. గుడ్ మార్నింగ్ పువ్వుల బొమ్మలు పంపే పెద్దాయన కూడా కరెంటు బిల్లు కట్టగలడు. మంచిదే.

కానీ నేను గుర్తుపెట్టుకోమన్న కేటగిరీ బి ఏమైంది? దరఖాస్తు వాట్సాప్‌లో పెట్టినా, మీసేవలో పెట్టినా, చేత్తో రాసి ఇచ్చినా చివరికి చేరేది అదే బల్ల మీదికి. తలుపులు పెరిగాయి, బల్ల పెరగలేదు, బల్ల దగ్గర మనుషులూ పెరగలేదు. 161 కాస్తా వందల్లోకి వెళ్లిందని ప్రకటిస్తారు. ఎన్ని సేవలు పెట్టామన్నది ప్రభుత్వం చేతిలో ఉన్న అంకె, అందుకే అది ఎప్పుడూ పెరుగుతూనే ఉంటుంది. దరఖాస్తుల్లో ఎన్ని గడువులోపు తేలాయి, ఎన్ని తిరస్కరించారు, తిరస్కరించినవాటిలో ఎన్ని తర్వాత సరైనవని తేలాయి? ఈ అంకెలు ప్రతినెలా మండలాల వారీగా బోర్డు మీద రాస్తే అప్పుడు మాట్లాడుకుందాం.

విశాఖ డేటా సెంటర్ గురించి చెప్పమని ఇందాక ఒక కుర్రాడు చీటీ పంపాడు. 2025 అక్టోబరులో గూగుల్ అక్కడ ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు పెడతానంది. సముద్రం కింది కేబుల్ కూడా వస్తుందంటున్నారు. పెద్ద పెట్టుబడి, సందేహం లేదు. కరెంటు ఎంత తాగుతుంది, నీళ్లు ఎంత తాగుతుంది, కట్టడం అయ్యాక ఎన్ని ఉద్యోగాలు మిగులుతాయి, అవి అడగాల్సిన ప్రశ్నలే. కానీ దాన్ని ప్రజల డిజిటల్ పరివర్తన కింద లెక్క రాయకండి బాబూ. అది పరిశ్రమ. ఇక్కడ మన రైతుకు పహాణీలో తప్పు దిద్దడానికీ, ఆ సర్వర్లకూ సంబంధం లేదు.

మరి ఎలా కొలవాలంటారు? దీనికీ మన దగ్గరే ఒక జవాబు దొరికింది. 2018 మేలో రైతుబంధు మొదలైనప్పుడు చెక్కులు పంచారు, ఎకరాకు 4,000. అప్పుడు కొన్ని మండలాల వ్యవసాయాధికారులకు ముందే ఒక మాట చెప్పారు. మీ మండలంలో కొంతమంది రైతులకు మేం ఫోన్ చేసి, చెక్కు అందిందా, ఎప్పుడు అందింది అని అడుగుతాం అని. అంతే. కాల్ సెంటర్ నుంచి మామూలు ఫోన్లు. ఆ మాట చెప్పిన మండలాల్లో చెక్కులు వేగంగా అందాయి, అందనివాళ్ల సంఖ్య తగ్గింది. తేడా కొంచెమే, కానీ అయిన ఖర్చు దాదాపు ఏమీ లేదు. దీన్నీ మురళీధరన్ బృందమే పరిశీలించింది. బటన్ ఫోన్ ఉన్న రైతు కూడా జవాబు చెప్పగలిగాడు.

ఆంధ్రాలో ఐవీఆర్‌ఎస్ ఫోన్లు, అంటే రికార్డు చేసిన గొంతుతో అభిప్రాయం అడిగే ఫోన్లు, వస్తాయి కదా అంటారు. వస్తాయి. సంతృప్తిగా ఉంటే ఒకటి నొక్కండి, లేకపోతే రెండు నొక్కండి. నేను రెండు నొక్కాను అనుకోండి, ఆ తర్వాత ఏమవుతుంది? ఎవరైనా ఇంకో ఫోన్ చేసి ఎందుకు అని అడుగుతారా? అడిగితేనే దానికి విలువ.

పక్కన కర్ణాటక వాళ్లు 2011లోనే సకాల అని చట్టం చేశారు. ప్రతి సేవకూ గడువు, దరఖాస్తుకు రసీదు నంబరు. గడువు దాటితే రోజుకు 20 రూపాయల లెక్కన, 500 వరకు దరఖాస్తుదారుకు పరిహారం. ఆ 20 రూపాయలతో ఎవరూ బాగుపడరు, నిజమే. కానీ ఆ డబ్బు అధికారి జీతంలోంచి పోతుంది, సర్వీసు పుస్తకం మీద నీడ పడుతుంది. జీతం కోత అంటే మా ఉద్యోగులకు ఎంత భయమో నాకు తెలుసు కదా.

నేను అడిగేది కూడా ఆకాశంలో చుక్కలేం కాదు. 2047 దాకా ఆగక్కర్లేదు. పోర్టల్‌లో తిరస్కరించాం అన్న చోట, ఎందుకో తెలుగులో రెండు వాక్యాలు రాయాలి. ఎవరు తిరస్కరించారో హోదా ఉండాలి. ఎవరికి అప్పీలు చేసుకోవాలో, ఎన్ని రోజుల్లోనో దాని కిందే ఉండాలి. విచారణ పూర్తయ్యేదాకా బియ్యమూ పింఛనూ ఆగకూడదు. ముందు ఆపి తర్వాత విచారించే పద్ధతి తిరగబడాలి. ఇందులో ఏదీ కొత్త టెక్నాలజీ అడగడం లేదు. ఒక జీవో చాలు.

నిజానికి మొదటిదానికి జీవో కూడా అక్కర్లేదు. సమాచార హక్కు చట్టం 2005లోనే వచ్చింది. అందులో సెక్షన్ 4(1)(డి) చూడండి, చిన్న వాక్యమే. ప్రభుత్వ సంస్థ తీసుకున్న నిర్ణయానికి కారణాలు, ఆ నిర్ణయం వల్ల ప్రభావితులైనవారికి తెలపాలి. ఎవరూ అడగకపోయినా తెలపాలి. రిజెక్టెడ్ అని ఒక్క మాట పంపి ఊరుకోవడం ఈ చట్టం ప్రకారం కుదరదు.

ఇందాక చేతులెత్తినవాళ్ల కోసం ఈ వివరం చెప్పి కూర్చుంటాను. మీ దరఖాస్తు తిరస్కరించారా? తెల్ల కాగితం మీద తెలుగులోనే రాయండి, ఇంగ్లిషు అక్కర్లేదు. ఫలానా తేదీన ఫలానా నంబరు దరఖాస్తు తిరస్కరించారు, ఏ నిబంధన ప్రకారం, ఎవరి నివేదిక ఆధారంగా, ఆ నివేదిక నకలు ఇవ్వండి అని రాయండి. ఆ ఆఫీసు పౌర సమాచార అధికారి పేరున ఇవ్వండి. మండల స్థాయి ఆఫీసైతే ఫీజు 5 రూపాయలు, ఆ పైన 10. గ్రామస్థాయిలో అసలు ఫీజే లేదు. రసీదు అడిగి తీసుకోండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. రాయడం రానివాళ్లకు రాసిపెట్టే బాధ్యత ఇక్కడున్న డిగ్రీ పిల్లలు నలుగురు ఒప్పుకున్నారు, మీటింగు కాగానే వెనక బెంచీల దగ్గర కూర్చుంటారు. దరఖాస్తు నంబరు తెచ్చుకోనివాళ్లు ఫోన్‌లో పాత మెసేజ్‌లు వెతికి పెట్టుకోండి, ఈలోగా ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.